నిచ్చెన వెనక కానిస్టేబుల్

మొదటి సినిమాలో నిచ్చెన దెబ్బ తిన్న కానిస్టేబుల్ని నేనే. దొంగ ఒక ఇంట్లో దూరతాడు. ఇన్‌స్పెక్టర్ నిచ్చెన భుజాన వేసుకుని గోడ ఎక్కడానికి వెళతాడు. వెనక నేను సెల్యూట్ కొడుతూ నడుస్తాను. ఆయన గిరుక్కున తిరుగుతాడు. నిచ్చెన కొస నా దవడకు తగిలినట్టుంటుంది, నేను వెల్లకిలా పడతాను. హాళ్లు పగిలిపోయేలా నవ్వారు.

రెండో భాగం తీస్తున్నారని తెలిసి నేనే వెళ్లాను. డైరెక్టర్ కుర్చీ వేయించాడు.

"మీ క్యారెక్టర్ పోయింది సార్. స్టేషన్ గోడ మీద ఫొటో ఉంటుంది."

"ఎలా పోయాను?"

"అది కథలో లేదు సార్."

నా చోట కొత్త కానిస్టేబుల్ వేషం నా బావమరిదికి ఇచ్చారు. అతనికి పడటం నేర్పే పని నాకిచ్చారు.

నా భార్య పోయి మూడేళ్లయింది. మొదటి సినిమాకు అందరూ నవ్వారు, ఆవిడ నవ్వలేదు. "నడుముకి ఏం కాలేదుగా" అని అడిగి ఊరుకుంది. అదే తన తమ్ముడు, ఈ బావమరిదే, గ్లాసు జారవిడిచినా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేది. అది నేను మరిచిపోలేదు. మరిచిపోను కూడా.

ఆ పడటంలో కిటుకు ఒకటే. నిచ్చెనను చూడకూడదు, వినాలి. ఇన్‌స్పెక్టర్ తిరిగే ముందు బూటు మడమ నేల మీద గీరుకుంటుంది. ఆ చప్పుడుకే పడాలి. కొస కదలడం చూశాక పడదామంటే అప్పటికే మూతి మీద ఉంటుంది.

చెక్కపలకలతో వేసిన పోలీస్ స్టేషన్ సెట్‌లో రిహార్సల్ పెట్టారు.

"బావా, ఎటు చూడాలి?" అన్నాడు బావమరిది.

"నిచ్చెన మీద నుంచి కళ్లు తిప్పకు."

"సినిమాలో నువ్వు చూసినట్టు లేదే."

"పడింది నువ్వా, నేనా? చెప్పింది చెయ్యి."

ఇన్‌స్పెక్టర్ వేషగాడిని అందరూ బొండాం అంటారు. అప్పుడూ ఇప్పుడూ నిచ్చెన అతనిదే. నన్ను పక్కకు లాగాడు.

"వీడికి బూటు సంగతి చెప్పావా?"

"చెప్పాను."

"మళ్లీ చెప్పు. నా చెయ్యి బరువు నీకు తెలుసు."

మళ్లీ చెప్పడానికి మొదటిసారి చెప్పి ఉండాలి.

టేక్ మొదలైంది. బొండాం తిరిగాడు. నా బావమరిది నిచ్చెన కొసనే చూస్తూ, అది వచ్చి దవడకు తగిలేదాకా చూస్తూ నిలబడ్డాడు. తగిలాక కూడా సెల్యూట్ దించలేదు. అలాగే వెనక్కి నడిచి ఫైళ్ల బల్ల మీద పడ్డాడు, బల్ల లాకప్ మీద పడింది, లాకప్ ఊడి ముందుకు వాలింది. లోపలి దొంగ బయటికి వచ్చి, ఏం చేయాలో తోచక, అతన్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. అతను దొంగకూ సెల్యూట్ కొట్టాడు.

లైట్లు పట్టుకున్నవాళ్లు నేల మీద కూలబడి నవ్వారు. మేకప్ ఆవిడ నవ్వుతూనే అతని పెదవి నెత్తురు తుడిచింది. ఆ షాట్ ఆరుసార్లు తిప్పి చూశారు. నేనూ చూశాను. నవ్వొచ్చింది. పళ్లు బిగబట్టాను.

"ఇంత సహజంగా మీరు కూడా పడలేదు సార్," అన్నాడు డైరెక్టర్. "మూడో భాగం కూడా ఇతనిదే."

బావమరిది వాచిన మూతితో వచ్చాడు.

"నువ్వు చెప్పినట్టే చూస్తూనే ఉన్నా బావా. ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?"

బొండాం నా వైపే చూస్తున్నాడు. ఆ నవ్వు తెప్పించింది బావమరిది కాదు, నేను. ఆ మాట అంటే ఎలా తెప్పించానో కూడా చెప్పాలి.

"ఏమీ లేదు," అన్నాను. "అదే పడటం."