తొట్టి నీళ్లు

హాలియా నర్సరీ పాపయ్య తనను నిలువునా ముంచాడని దశరథ మిర్యాలగూడలో చెప్పని మనిషి లేడు. టీ కొట్టు దగ్గర చెప్పాడు, లారీ డ్రైవర్లకు చెప్పాడు, మంగలి కత్తి గొంతు మీద ఉన్నప్పుడు కూడా చెప్పాడు.

కడుపు మండదా మరి? సూర్యాపేటలో కొత్త ఫంక్షన్ హాలు వాళ్లు నిమ్మచెట్లతో సహా కాంక్రీటు తొట్లు కావాలన్నారు. చెట్లు పచ్చగా ఉంటేనే తీసుకుంటామన్నారు. దశరథ పొలం అమ్మి షెడ్డు వేశాడు, తొట్లు పోశాడు, పాపయ్య దగ్గర మొక్కలు తెచ్చి నాటాడు. నెల తిరగకముందే ఆకులు పసుపు తిరిగి రాలిపోయాయి. నిన్న హాలువాళ్లు వచ్చి చూసి, వద్దని చెప్పి కారెక్కి వెళ్లిపోయారు.

ఇవాళ పాపయ్యే షెడ్డుకు వచ్చాడు.

"ఏం బావా, నా పేరు మైకు పెట్టి సాటిస్తున్నవంట?"

"తెగులు మొక్కలు అంటగడితివి. ఇంకేం జెయ్యాలె, దండ ఏయాల్నా?"

పాపయ్య షెడ్డంతా కలయజూశాడు. గుమ్మం పక్కన, అంచు పగిలిన పాత తొట్టిలో ఒక నిమ్మచెట్టు నిగనిగలాడుతోంది.

"ఇదెవరిది?"

"నాదే అన్నా," అంది దశరథ భార్య సువర్ణ. "నువ్విచ్చిన మొక్కల్లదే. బియ్యం కడిగిన నీళ్లు పోస్త."

"మరి నువ్వేం పోస్తున్నవ్ బావా?"

దశరథ గర్వంగానే చూపించాడు. కొత్త తొట్లు గట్టిపడడానికి వాటి నిండా నీళ్లు నింపి ఉంచుతాడు. మేళ్లచెరువులో సిమెంటు పని చేసినప్పటి అలవాటు. ఆ నీళ్లనే చెంబుతో తోడి మొక్కలకు పోస్తాడు.

"బోరు సన్నగ పోస్తున్నది. ఉన్న నీళ్లు పారబోస్తరా ఎవలన్న?"

పాపయ్య ఆ నీళ్లలో వేలు ముంచి రుద్ది చూశాడు. అతని మొహం మారిపోయింది.

"జర నాలుకకు తాకించి సూడు."

దశరథ తాకించాడు. పాన్‌లో సున్నం ఎక్కువైనట్టు నాలుక చురుక్కుమంది.

"కొత్త సిమెంటుల కెల్లి దిగిన సున్నం బావా. నానబెట్టుడు మంచిదే. కానీ ఆ నీళ్లు పారబోయాలె, మళ్ల కొత్తయి నింపాలె, గట్ల నాలుగైదు పార్లు అయినంకనే మొక్క పెట్టాలె. నువ్వు దినాం గిదే తాపినవ్."

దశరథ తొట్ల వైపు చూశాడు. మట్టి మీద తెల్లటి పొర. ఎరువు తేలిందనుకున్నాడు ఇన్నాళ్లూ. చేతిలోని చెంబు కింద పెట్టాడు. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి, ఒక్క మొక్కనూ మరవకుండా పోసింది ఈ చేత్తోనే.

"ఇగ ఎవలను తిడ్తవ్?" అంది సువర్ణ మెల్లగా.

తిట్టడానికే నోరు తెరిచాడు. నాలుక మీద సున్నం మంట ఇంకా తగ్గలేదు. ఈ షెడ్డు కోసం అమ్మింది మాడుగులపల్లిలో కాలువ కింద పొలం. పదహారు గుంటలు.