శనివారం పాటల క్లాసులో అమ్మ

మా నోయెమీకి మూడేళ్ళు. స్పానిష్‌లో దానికి వచ్చింది ఒకే ఒక్క మాట, "అదియోస్", అంటే వెళ్ళొస్తానని. అది కూడా క్లాసు అయిపోతోందన్న సంతోషంలో నేర్చుకుంది.

శనివారం వస్తే చాలు, దాన్ని నిద్రలేపి, ఏడుస్తున్నా జడలేసి, మా పేట లైబ్రరీ వెనక హాల్లో జరిగే పాటల క్లాసుకి లాక్కుపోతాను. రెండు భాషల క్లాసు అది. పిల్లలూ, వాళ్ళని పెంచేవాళ్ళూ నేల మీద గుండ్రంగా కూర్చోవాలి. గిలక్కాయలు ఊపాలి, రంగు గుడ్డలు ఎగరెయ్యాలి. పాటలో ప్రతి పాదం ముందు స్పానిష్‌లో వస్తుంది, వెంటనే అదే ఇంగ్లీషులో వస్తుంది. నా ఏడుపంతా అక్కడే. నా కూతురు తెలివైనది. మొదటి పాదం నడుస్తున్నంతసేపూ ముక్కులో వేలు పెట్టుకుని కూర్చుంటుంది. రెండోది రాగానే గొంతెత్తి అందుకుంటుంది. ఎలాగూ ఇంగ్లీషు వస్తుందని తెలిసినప్పుడు ఏ పిల్ల మాత్రం కష్టపడుతుంది?

మా పక్కన హోల్డెన్ అని ఓ తెల్లవాళ్ళ పిల్లాడు కూర్చుంటాడు. వాడిని పెంచే ఆయా సుయాపాది స్పానిష్ మాట్లాడే హోండురాస్ దేశం. వాడు ఆవిడతో స్పానిష్‌లో పోట్లాడతాడు, గారాలు పోతాడు, బిస్కెట్ కోసం బేరాలాడతాడు. వాడి నోట్లో రకారం గిర్రున తిరుగుతుంటే, డెలియా ట్రెవీన్యో అని నిండు స్పానిష్ పేరు పెట్టుకున్న నేను నోరెళ్ళబెట్టి వింటాను. ఒళ్ళు మండిపోతుంది.

నాకూ ఆ భాష రాదు మరి. టాకో బండి దగ్గర తిండి కొనుక్కుని గట్టెక్కేంత వచ్చు, అంతే. మా అమ్మ ఎర్లిండా తన చెల్లెళ్ళతో ఫోన్లో మాట్లాడుతూ పొట్ట పట్టుకుని నవ్వేది. ఏంటమ్మా అనడిగితే, "ఏం లేదులే, ఇంగ్లీషులో చెప్తే చప్పగా ఉంటుంది" అనేది. చిన్నప్పటినుంచీ ఆ నవ్వుకి బయటే నిలబడ్డాను. నా కూతురు లోపలుండాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఒకరోజు పాటల టీచరు యదీరా నన్ను పక్కకి పిలిచింది.

"వారమంతా పిల్ల ఎవరి దగ్గరుంటుంది?"

"మా అమ్మ దగ్గర. నేను పళ్ళ డాక్టరు దగ్గర పనికెళ్తాను కదా."

"అమ్మగారికి స్పానిష్ రాదా?"

"రాకపోవడమేంటండీ! అదే ఆవిడ భాష."

యదీరా నన్ను వింతగా చూసింది. "అయితే ఈ పిల్లకి ఒక్క ముక్క ఎందుకు రాలేదు? ఈసారి ఆవిడని తీసుకురా."

తర్వాతి శనివారం అమ్మని తీసుకెళ్ళాను. మోకాళ్ళ నెప్పులంటూ కుర్చీ వేయించుకుని, చర్చిలో కూర్చున్నట్టు ఒళ్ళో పర్సు పెట్టుకుని కూర్చుంది. పాట మొదలైంది. స్పానిష్ పాదానికి అమ్మ పెదవి కదల్లేదు. ఇంగ్లీషు పాదం రాగానే, తన మొరటు యాసలో, గట్టిగా అందుకుంది. నోయెమీ ఆవిడ మొహంలోకి చూస్తూ శ్రుతి కలిపింది. ఇద్దరికీ బాగా అలవాటైన పద్ధతిలా ఉంది.

కార్లు నిలిపే చోటికి వచ్చేదాకా ఓపిక పట్టాను.

"ఇంట్లో దానితో ఇంగ్లీషే మాట్లాడుతున్నావా?"

"మాట్లాడితే ఏం?"

"ఏమా? నేనిక్కడ శనివారం శనివారం గిలక్కాయలు పట్టుకుని కోతిలా గెంతుతుంటే, నువ్వు వారమంతా దాన్ని చెరుపుతున్నావు! నాకెలాగూ ఆ భాష లేకుండా చేశావు. దానిక్కూడానా?"

"అరవకే, జనం చూస్తున్నారు."

"చూడనీ!"

అమ్మ పర్సుని గుండెకి హత్తుకుంది. "నన్ను ఇక్కడి ఇంగ్లీషు బడిలో చెక్క బద్దతో కొట్టారే. దాహమేస్తోందని మన భాషలో అడిగినందుకు. మంచినీళ్ళు కాదు, దెబ్బలు తాగాను. ఆరోజే అనుకున్నా, నా కడుపున పుట్టినవాళ్ళకి ఆ మాటలే రాకుండా పెంచుతానని."

"ఇప్పుడెవరు కొడుతున్నారమ్మా? తెల్లవాళ్ళే వాళ్ళ పిల్లల్ని తెచ్చి నేర్పించుకుంటున్నారు!"

"వాళ్ళ పిల్లాడు మాట్లాడితే అబ్బో ఎంత తెలివి అంటారు. మన పిల్ల మాట్లాడితే పాపం ఇంగ్లీషు రాదేమో అంటారు. నీకేం తెలుసే!"

కారు తలుపు అవసరం కంటే గట్టిగా వేశాను. వారమంతా మా ఇద్దరి మధ్యా ఉప్పు ఎక్కువైంది, పాలు అయిపోయాయి, అలాంటి మాటలే.

కానీ శనివారం నేను జడలేసేసరికే అమ్మ తయారై గుమ్మంలో నిలబడి ఉంది. "ఇవాళ ఆఖరి పాట నేను పాడతానని ఆ టీచరుతో చెప్పు" అంది.

క్లాసు చివర లైట్లు తగ్గించి, పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, వారానికొకరు తమ ఇంటి జోలపాట పాడతారు. దానికి ఇంగ్లీషు పాదం ఉండదు. ఎవరి భాషలో వాళ్ళు పాడి ఊరుకుంటారు. అమ్మ జోలపాట నేనెప్పుడూ వినలేదు.

అమ్మ కష్టపడి నేల మీదకి దిగింది. నోయెమీని ఒళ్ళో వేసుకుని మొదలుపెట్టింది. సన్నటి, పడుచు గొంతు. ఆ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచిందో! సుయాపా కళ్ళు మూసుకుంది. రెండో పాదం ఎత్తుకోబోతుండగా నోయెమీ లేచి కూర్చుని, తన చిన్న అరచేతిని అమ్మ నోటిమీద అదిమిపెట్టింది.

"ష్! అమ్మమ్మా, ఇక్కడ కాదు. అందరూ ఉన్నారు" అంది, ఇంగ్లీషులో.

అందరూ ముద్దుగా నవ్వారు. మేమిద్దరం నవ్వలేదు.

"ఎక్కడ నేర్చుకుందమ్మా అది?" అని గొణిగాను.

అమ్మ ఆ చేతిని నోటి మీంచి తీసింది. "నన్ను చూసే. దుకాణాల్లో అలవాటుకొద్దీ మన భాషలో మాట జారితే, నేనే నా నోరు మూసుకుంటాను."

యదీరా లైటు వెయ్యబోయింది. అమ్మ వద్దని తల ఊపి, ఆ చిన్న చేతిని తన గుప్పిట్లో పట్టుకుని మళ్ళీ పాడింది. నోయెమీ గింజుకుంది, వద్దంది, చివరికి ఏడుపు లంకించుకుంది. అమ్మ ఆపలేదు. ఆ ఏడుపు మీదుగానే పాట చివరిదాకా పాడింది. ఆపమని చెప్పాలో, పాడమని చెప్పాలో తెలియక నేను చూస్తూ ఉండిపోయాను.

ఇంటికొస్తుంటే వెనక సీట్లో పిల్ల వెక్కుతూనే నిద్రపోయింది. పాటలో ఓ గొర్రెపిల్ల ఉందని మాత్రం నాకు తెలిసింది. మిగతాదంతా అర్థం ఏమిటని అమ్మని అడిగాను. ఇంగ్లీషులోనే అడిగాను. అమ్మ ఇంగ్లీషులోనే చెప్పడం మొదలుపెట్టింది.