బండి మీది కుర్చీ

బండి ఇన్సూరెన్స్ చేయించుకోవడానికి వచ్చి నిజం చెప్పిన మనిషిని నా ఏజెంటుగిరీ మొత్తంలో ఒక్కణ్ణే చూశాను. బోధన్ బస్టాండు ఎదురు సందులో నాది ఒంటిగది దుకాణం. "బండికి మార్పులేమన్న చేపిచ్చినవా?" అని అడుగుతాను. అడగడం నా ధర్మం. "లేదన్నా" అంటారు. అది వాళ్ల ధర్మం. బయట నిలబెట్టిన బండికి హ్యాండిల్ మేక కొమ్ముల్లా పైకి లేచి ఉంటుంది, సైలెన్సర్ చప్పుడుకు పక్క హోటల్లో చాయ్ కప్పులు వణుకుతుంటాయి. అయినా "లేదన్నా" అనే అంటారు. ఉందని చెబితే ఇంకో నాలుగు రూపాయలు కట్టాలి, ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఎవరికి పట్టింది?

దస్తగిర్ మాత్రం నేను అడగక ముందే "ఉన్నదన్నా, రాయి" అన్నాడు.

"ఏమున్నది?"

"ఎనక కుర్చీ ఉన్నది. నేనే చేసిన."

దస్తగిర్‌ది శక్కర్‌నగర్ రోడ్డులో వెల్డింగ్ షాపు. షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు ట్రాలీలకు కొక్కాలు, గొలుసులు అతికేవాడు. అది మూతబడ్డాక ఇంటి గేట్లు, కిటికీ గ్రిల్లులు. అతను అతికిన ఇనుము మళ్లీ ఊడిందని ఎవరూ అనగా నేను వినలేదు. మనిషి కూడా అంతే, ఒక మాట పట్టుకుంటే ఊడడు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసొచ్చింది.

బయటికి వచ్చి చూశాను. పాత బండి. వెనక సీటు మీద ఇనుప పైపులతో చేసిన కుర్చీ, దానికి స్పాంజి, అడ్డంగా రెండు బెల్టులు, కాళ్లు పెట్టుకోవడానికి చిన్న పలక, తలకు అటూ ఇటూ మెత్తటి ఆనుడు. అందులో ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. దస్తగిర్ కూతురు ఖుష్బూ. నరాల జబ్బు. నడుము నిలవదు, మెడ నిలవదు. పక్కనే తల్లి బిల్కిస్, కుర్చీ వీపు మీద చేయి వేసి నిలబడింది.

"వారంల రెండు మాట్ల నిజామాబాద్‌ల కసరత్తు చేపిస్తరు భాయ్‌సాబ్," అంది బిల్కిస్. "ఈమెకు కుర్చీ చేసినకాన్నుంచి నాకు బండి మీద జాగ లేదు. ఈ షాజాదీ గుంజుకున్నది. నేను బస్సుల ఎనకెనక పోతున్న."

షాజాదీ నవ్వింది. "అమ్మీ బస్సు కన్న మేమే ముందు పోతం చాచా," అంది. మెడ నిలవకపోయినా మాట మాత్రం గలగలా నిలబడి ఉంది.

నేను దస్తగిర్‌ను లోపలికి తీసుకుపోయి నెమ్మదిగా చెప్పాను. "నా మాట ఇను. దీన్ని రాపిస్తే నిజామాబాద్ పోవాలె. ఇన్‌స్పెక్టర్ చూడాలె. ఆర్సీల ఎక్కాలె. అప్పటిదాక కంపెనీ రాసుకోదు. కొరివితోటి తల గోక్కునుడు ఎందుకు? ఫోటో దిగేటప్పుడు కుర్చీ తీసి పక్కకు పెట్టు, గంటల పనైపోతది."

"అది రాదన్నా. వెల్డింగ్ చేసిన."

"బోల్టులు పెట్టుకోవాలె గదనయ్యా! అవసరం లేనప్పుడు తీసేస్తుంటివి."

అతను నావైపు వింతగా చూశాడు. "అవసరం లేకుంట ఎప్పుడైతదన్నా?" అన్నాడు.

నాకు చిరాకేసింది. మంచి చెబితే వినడు, పైగా ఎదురు ప్రశ్న. "నీ బండి, నీ ఇష్టం" అన్నాను. దస్తగిర్ బల్ల మీద రెండు చేతులూ పెట్టాడు. నిప్పురవ్వల మచ్చలున్న చేతులు. "గట్ల గాదన్నా. రేపు రోడ్డు మీద ఏమన్న అయితే, ఈ కుర్చీ ఎక్కడిది, కాయితంల లేదు అంటరు. కుర్చీ లేదంటే అండ్ల కూసున్న నా బిడ్డ గూడ లేనట్టే గద. నాకు పైసల కోసం గాదు. నా బిడ్డ దొంగమాలు గాదు." నేను ఫారం తీశాను.

ఆ కుర్చీ కాగితం మీదికి ఎక్కడానికి ఎండాకాలం మొత్తం పట్టింది. పైపు మందం ఎంత అన్నారు. బరువెంత అన్నారు. దేనికి పెట్టారన్నారు. దస్తగిర్ ప్రతిసారీ షాపు మూసుకుని, బిడ్డను కూర్చోబెట్టుకుని పోయేవాడు. చివరికి ఇన్‌స్పెక్టర్ వచ్చి కుర్చీని చేత్తో ఊపి చూశాడు. "ఇంక గట్టిగ ఊపుండ్రి అంకుల్," అందట ఖుష్బూ కుర్చీలో కూర్చునే, "మా అబ్బా చేసిండు, ఊడది." ఆయన నవ్వి సంతకం పెట్టాడట. ఆ సంగతి దస్తగిర్ నాకు నాలుగుసార్లు చెప్పాడు. నాలుగుసార్లూ కొత్తగానే చెప్పాడు.

మరుసటేడు పాలసీకి ఇంకా గడువుండగానే వచ్చాడు. "కుర్చీ రెండించులు ఎడల్పు చేసిన. రాయి" అన్నాడు.

"రెండించులకు గూడనా? నీకేమన్న పిచ్చిగిట్ల లేసిందా దస్తగిర్?"

"పిల్ల పెరిగింది గదన్నా. కాయితంల పెరగద్దా?"

తిట్టుకుంటూనే రాశాను. కంపెనీ వాళ్లు నాకు ఫోన్ చేసి, ఎందుకు పెరిగిందని అడిగారు. పిల్ల పెరిగింది సార్ అన్నాను. ఆ మాట అంటుంటే నాక్కూడా ఎందుకో సంతోషంగానే ఉండింది.

వాళ్లు దుకాణం నుంచి వెళ్లే తీరు నాకు అలవాటైపోయింది. మా సందు నిండా గుంతలు. పెద్దరోడ్డు ఎక్కేదాకా దస్తగిర్ బండి స్టార్ట్ చేయకుండా నెట్టుకుంటూ నడిచేవాడు. బిల్కిస్ పక్కనే నడుస్తూ, గుంత వచ్చినప్పుడల్లా పిల్ల మెడ విసురుకు పోకుండా కుర్చీ వీపును గట్టిగా పట్టుకునేది. పెద్దరోడ్డు ఎక్కాక తండ్రీ కూతుళ్లిద్దరూ బండి మీద, ఆమె బస్టాండులోకి. ఖుష్బూ వెనక్కి తిరగలేదు కాబట్టి ముందుకు చూస్తూనే "ఖుదా హాఫిజ్ చాచా" అని నాకు వినపడేలా అరిచేది.

ఈసారి వానల్లో పిల్లకు కఫం పట్టింది. గుండెల్లో పేరుకున్నదాన్ని దగ్గి బయటికి నెట్టే బలం ఆ ఒంట్లో లేదు. నిజామాబాద్ దవాఖానాలో చేర్చారు. తిరిగి బండి మీద రాలేదు.

పిల్ల మయ్యత్‌కు, మట్టి వేయడానికి వెళ్లాను. కబ్రస్తాన్ గోడ పక్కన నిలబడ్డాను. దస్తగిర్ నన్ను చూశాడు.

చెరకు కొట్టే రోజులకు అతని పాలసీ గడువు దగ్గరపడింది. ఎవరికైనా వారం ముందే ఫోన్ చేసి గుర్తు చేస్తాను. దస్తగిర్‌కు చేయలేకపోయాను. ఆ ఫారంలో ఆ ప్రశ్న ఉంది, దాన్ని ఆ మనిషిని అడగాలి. వాళ్లే వచ్చారు, ఆఖరి రోజున. దస్తగిర్ బండి మీద, బిల్కిస్ ఆటోలో. బండి వెనక కుర్చీ అలాగే ఉంది. రెండు బెల్టులూ పెట్టే ఉన్నాయి. అది ఖాళీగానే ఉన్నా ఆమె ఆటోకు పైసలిచ్చి వచ్చింది.

ఏమీ అడగకుండా పోయినేటి కాగితం చూసి నింపడం మొదలుపెట్టాను. దస్తగిర్ నా చేయి పట్టుకుని ఆపాడు.

"అడుగన్నా."

"ఏంది?"

"ఏటా అడుగుతవు గద. అడుగు."

నీళ్లు తాగి అడిగాను. "బండికి మార్పులేమన్న ఉన్నయా?"

అడగమన్న మనిషి గుమ్మంలోంచి బండి వైపు చూశాడు. బిల్కిస్ అందుకుంది. "కోసెయ్యమని నేనే అంటున్న భాయ్‌సాబ్. పొద్దుగాల తలుపు తీస్తే వాకిట్ల అదే కనవడతది. నాతోని అయితలేదు. ఈయన రోజు కట్టర్ చేతుల పట్టుకుంటడు, మళ్ల పెడతడు."

"బోల్టులైతే తీస్తుంటి," అన్నాడు దస్తగిర్, నేల చూస్తూ. "నువ్వు చెప్పినవు."

చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది. నేను తల దించుకున్నాను.

"కోసినంక గూడ మీకు చెప్పాల్నా?" అని అడిగింది బిల్కిస్.

"చెప్పాలె చెల్లె. ఆర్సీల నుంచి గూడ తీపియ్యాలె."

"ఏమని రాస్తరు?"

"కుర్చీ తీసేసినం అని."

దస్తగిర్ తలెత్తాడు. "ఎందుకు తీసినమో?"

"అది రాయరు దస్తగిర్. దానికి జాగ లేదు. అది అడగరు."

"అడగరా?"

ఫారం తన వైపు తిప్పుకున్నాడు. చదువు పెద్దగా రాదు, అయినా పైనుంచి కిందికి చూశాడు. వెనక్కి తిప్పి అక్కడా చూశాడు. "పైపు మందమెంత అన్నరు. బరువెంత అన్నరు. రెండించులు పెరిగితే ఎందుకు పెరిగిందని నీకు ఫోన్ చేసి అడిగిండ్రు. గిది అడగరా అన్నా?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. బయట చెరకు ట్రాక్టరొకటి సందులోకి మళ్లలేక హారన్ కొడుతూ ఉంది.

బిల్కిస్ కొంగుతో ముఖం తుడుచుకుంది. మొగుడి ముందున్న ఫారం తీసి నా వైపు జరిపింది. "ఉన్నదని రాయుండ్రి భాయ్‌సాబ్," అంది.

"చెల్లె, నీతోని అయితలేదంటివి గద?"

"అయితలేదు. అయినా రాయుండ్రి. లేదని నేను ఆఫీసులెంబడి తిరిగి చెప్పలేను."

దస్తగిర్ ఆమెను చూసి, నన్ను చూసి, అవునన్నట్టు తలాడించాడు. ఉన్నది అని రాశాను. ఎడల్పు, బరువు, పైపు మందం, అన్నీ పోయినేటివే. కుర్చీ ఇంక పెరగలేదు.

వాళ్లు లేచారు. నేను గడప దాకా వెళ్లాను. దస్తగిర్ బండి ఎక్కి తాళం తిప్పాడు. బిల్కిస్ ఆటో కోసం అటూ ఇటూ చూసింది. అతను తాళం వెనక్కి తిప్పి, దిగి, బండిని నెట్టుకుంటూ నడక సాగించాడు. ఆమె వెళ్లి పక్కన కలిసింది.

మా సందు ఇంకా అలాగే ఉంది, ఎవరూ మట్టి పోయలేదు. మొదటి గుంత రాగానే బిల్కిస్ చేయి చాచి కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది.