బావ చేత్తోనే ఫోర్స్ పుష్

మా బావ, అంటే మా అక్క మొగుడు, మా ఆఫీసులో టీమ్ లీడు. నన్ను కాంట్రాక్టు మీద చేర్పించింది ఆయనే. ఆ సంగతి ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చెప్పుకునేవాడు. చెప్పుకోనీలే అనుకునేవాణ్ణి.

పళ్ళ డాక్టర్ల క్లినిక్కుకి అపాయింట్‌మెంట్లు ఇచ్చే కోడు మొత్తం నేను రాశాను. ఎవరు ఏ లైను రాశారో గిట్ అనే సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకుంటుంది. బ్లేమ్ అని కమాండ్ కొడితే లైను పక్కనే పేరు చూపిస్తుంది. సోమవారం కొట్టి చూద్దును కదా, ప్రతి లైను పక్కనా బావ పేరే. నేను రోజూ దాచిన మార్పులు, అంటే నా కమిట్లు, అన్నీ కలిపి ఒకటిగా కుదించి, తన పేరుతో, అందరూ వాడే మెయిన్ బ్రాంచిలోకి తోసేసి, సర్వర్లో నేను విడిగా రాసుకున్న బ్రాంచి లేకుండా చేశాడు. అడిగితే, "హిస్టరీ శుభ్రంగా ఉండాలిరా బామ్మర్దీ" అన్నాడు.

శుక్రవారం మేనేజరు గిట్ లాగ్‌లో ఎవరెంత రాశారో చూసి, కాంట్రాక్టు వాళ్ళలో ఎవర్ని ఉంచాలో తేలుస్తాడు. అందులో నా పేరు ఒక్కచోటా లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా మేనేజరు దగ్గరికి వెళ్ళలేదు. సర్వర్లో తుడిచేసినా నా ల్యాప్‌టాప్‌లో ఆ బ్రాంచి చెక్కుచెదరలేదు మరి.

మా ఆఫీసులో ఒక కట్టుబాటుంది. బ్లేమ్‌లో ఎవరి పేరుంటే వాళ్ళే తప్పు దిద్దాలి, పక్కవాళ్ళు వేలు పెట్టకూడదు. గురువారం క్లినిక్ నుంచి ఒకటే ఫోన్లు, ఒకే కుర్చీకి ఇద్దరేసి పేషెంట్లు వస్తున్నారని. మేనేజరు వచ్చి బావ వెనక నిలబడ్డాడు.

"మీ కోడేగా, చూడండి."

బావ ఫైలు పైకీ కిందికీ జరిపాడు. చివరికి నా వైపు తిరిగి, "కొంచెం చూడరా" అన్నాడు.

"నా పేరు లేని లైను నేనెలా ముట్టుకుంటాను బావా?"

ఆ మాట అంటుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మేనేజరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. నా ల్యాప్‌టాప్ తెచ్చి పాత బ్రాంచి చూపించి, దాన్ని మళ్ళీ సర్వర్లోకి పంపాను.

"దీన్ని మెయిన్‌లో కూర్చోబెట్టాలంటే, ఉన్నదాన్ని తోసేసే ఫోర్స్ పుష్ కొట్టాలి సార్. ఆ అధికారం బావకొక్కడికే ఉంది."

"కొట్టండి," అన్నాడు మేనేజరు.

బావ కమాండ్ టైపు చేసి ఎంటర్ నొక్కాడు. సర్వరు ఒప్పుకోలేదు.

"ఫోర్స్ అని కూడా రాయాలి బావా" అని గుర్తుచేశాను. రాశాడు. బ్లేమ్ కూడా ఆయన చేతే కొట్టించాను. ప్రతి లైనుకీ నా పేరే.

"తప్పు నాదే సార్, దిద్దుతాను" అని కూర్చున్నాను. టీ చల్లారేలోపు అయిపోయింది. రేపొచ్చి కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టమన్నాడు మేనేజరు.

సాయంత్రం లిఫ్టులో బావ గొంతు తగ్గించి అన్నాడు, "ఇంట్లో మీ అక్కకి చెప్పకురా."

"సోమవారమే చెప్పాను బావా. నువ్వే నోరు విప్పి చెప్తావేమోనని అప్పట్నుంచీ అక్క చూస్తోంది."