ఎటు తిరిగితే ఎడమ

ఉదయం ఏడుంబావుకు పడవ వెనక్కి వెళ్ళింది. పడవ మేడ మీద చక్రం దగ్గరున్న కెప్టెన్ రెండు లివర్లనూ ముందుకే తోసింది.

తోశాక ఆమె తన చేతుల వంక చూసుకుంది. చేతులు ముందుకే ఉన్నాయి. తల తిప్పి చూస్తే రేవు గోడ దగ్గరికి వస్తోంది. లివర్లను మధ్యకు లాగేలోపే పడవ వెనక భాగం వెళ్ళి గోడకు వేలాడుతున్న లారీ టైరును గుద్దింది. కింద కుర్చీలో కూర్చున్న పడవల తనిఖీ సర్వేయరు చేతిలోని టీ ఆయన చొక్కా మీదికి వచ్చింది.

"అమ్మా, ఇది ముందుకెళ్ళే పడవేనా?" అన్నాడు సర్వేయరు.

గోడ మీద జనం పోగయ్యారు. వాళ్ళలో గాలం వేట క్లబ్బు మేనేజరు కూడా ఉన్నాడు. కెప్టెన్ తొమ్మిదేళ్ళు నడిపింది ఆయన క్లబ్బు పడవనే. సాయంత్రంలోగా తిరిగి వస్తానంటే ఆ ఉద్యోగం ఆమెదే, లేదంటే ఇంకొకరిని చూసుకుంటానని ముందు రోజు చెప్పాడు.

సర్వేయరు పడవను నడిపించి చూసి సంతకం పెడితేనే గాలం వేటకు వచ్చేవాళ్ళను ఎక్కించుకోవచ్చు. ఆయన పన్నెండుకు ఇంకో రేవుకు వెళ్ళిపోతాడు. మళ్ళీ ఇటు వచ్చేది సీజను అయ్యాకే. ఇవాళ సంతకం పడకపోతే ఆమె మళ్ళీ పరాయి పడవ చక్రం పట్టుకోవాలి.

ఇంజన్ గది మూత లేచింది. అందులోంచి కెప్టెన్ ఆడపడుచు తల పైకి వచ్చింది. ఆమె డీజిల్ మెకానిక్కు. రేవులో అందరూ గ్రీజు అంటారు.

"వదినా, రివర్సు ఎందుకేశావ్?"

"నేనెక్కడ వేశాను? నువ్వేం బిగించావో చెప్పు."

"నేను బిగించింది బాగానే ఉంది. నీ చేతులే..."

"నా చేతుల్ని ఏమీ అనకు. తొమ్మిదేళ్ళు ఈ చేతుల్తోనే..."

"సర్లే, తొమ్మిదేళ్ళ పురాణం తర్వాత విందాం."

సొంతానికి కొనేటప్పుడు ఆ పడవను ఎంచింది కెప్టెనే. దానికి ముందు ఇంకో రెండు చూసింది. ఒకదానికి కొత్తగా రంగు వేశారు, ఒకదాంట్లో సోఫాలున్నాయి. ఆమె సోఫాల మీద కూర్చోలేదు. చెక్క సుత్తి పట్టుకుని ముక్కు నుంచి వెనక దాకా తట్టుకుంటూ పోయింది. లోపల నీరు పట్టిన చోట 'దబ్' మంటుంది. రంగు వేసిన పడవ వరసగా దబ్ దబ్ మంది. "పైన పటారం, లోన లొటారం" అని ఆమె సుత్తి సంచిలో పెట్టుకుంది. సోఫాల పడవ సంగతీ అంతే.

మూడోది పాత పడవల యార్డు వెనక గడ్డిలో ఉంది. ముప్పై ఆరు అడుగుల పడవ. యార్డు వాళ్ళు దానిని బామ్మ అనేవారు. కిటికీలకు అద్దాలు లేవు, మేడ మీద చక్రానికి పిచ్చుక గూడు కట్టింది. సుత్తి మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఠంగుమనే మోగింది. కెప్టెన్ రెండోసారి కూడా తట్టింది. మళ్ళీ ఠంగుమంది. సుత్తిని భర్తకు ఇచ్చి, "మీరు కూడా కొట్టండి, నా చెవులు నన్ను మోసం చేస్తున్నాయేమో" అంది.

ఆయన కొట్టాడు. తర్వాత వెల్లకిలా పడుకుని పడవ కిందికి దూరాడు. నీళ్ళలో మునిగి పడవల అడుగున పట్టిన గుల్లలు గీకడం ఆయన పని. పేరు నీటికాకి. "పగులు లేదు" అని కింది నుంచి అరిచాడు. గ్రీజు ఇంజన్ గదిలోకి దిగి, మోచేతుల దాకా తుప్పుతో పైకి వచ్చింది.

"ఒళ్ళు ఉక్కు వదినా. గుండెలే పోయాయి, రెండూ."

"బాగవుతాయా?"

"చచ్చినవాడికి సెలైను పెడతానంటావా? తీసి పారేద్దాం. ఎలాగూ పెట్రోలువి. డీజిలు పెడదాం."

డీజిలు ఎందుకో కెప్టెన్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. క్లబ్బు పడవ పెట్రోలుది. పెట్రోలు ఆవిరి పడవ కడుపులో చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. తొమ్మిదేళ్ళూ ఆమె తాళం తిప్పే ముందు ఫ్యాను వేసి, మూత ఎత్తి, వంగి వాసన చూసింది. ఎక్కినవాళ్ళు చూసి నవ్వేవారు.

ఎంత ఇంజను అన్న దగ్గర ఇంట్లో వాదన వచ్చింది. అన్నం దగ్గర నీటికాకి, "పెట్టేదేదో పెద్దదే పెట్టండి. మళ్ళీ మళ్ళీ పెడతామా?" అన్నాడు.

"పిల్లికి ఏనుగు గుండె పెడితే ఉరకదు అన్నయ్యా, కూలబడుతుంది."

"చూడకుండా ఎలా చెప్తావ్?"

గ్రీజు చూపించింది. పాత ఇంజన్లు తీసేశాక, పడవను నీళ్ళలో దింపి, ఇంజన్లు కూర్చునే చోట డ్రమ్ములు పెట్టింది. పెద్ద ఇంజన్ల బరువు ఎంతో అంత నీరు వాటిలో నింపింది. పడవ వెనక భాగం దిగింది. డెక్కు మీది నీరు బయటికి పోవాల్సిన రంధ్రాలు మునిగి, బయటి నీరు లోపలికి వచ్చింది. నీటికాకి చెప్పులు తేలుకుంటూ ఆయన దగ్గరికే వచ్చాయి.

"చాలా? ఇంకా పెద్దది కావాలా?" అంది చెల్లెలు.

ఆమె డ్రమ్ముల్లోంచి నీరు తోడుతూ పోయింది. రంధ్రాలు నీటికి జానెడు పైకి వచ్చాక ఆపి, "ఇదీ మన ఇంజన్ల బరువు" అంది. ఆ బరువులో దొరికిన డీజిలు ఇంజన్లకు హార్స్ పవర్ పాతవాటికంటే తక్కువే. అయినా పడవ ఇరవై అయిదు నాట్లు, అంటే గంటకు ఇరవై అయిదు సముద్రపు మైళ్ళు, దాటుతుందని గ్రీజు అంది.

"పెట్రోలుతోనే ఇరవై రెండు వెళ్ళేదట. తక్కువ గుర్రాలతో ఎక్కువ ఉరుకుతుందా? దాటితే నీ నోట్లో పంచదార పోస్తా" అంది కెప్టెన్.

"పంచదార నువ్వే ఉంచుకో. రేడియోలో రేవంతా వినేట్టు 'మా మరదలిదే రైటు' అనాలి."

"దాటకపోతే?"

"సీజనంతా నిన్ను మీరూ, కెప్టెన్ గారూ అంటా."

"అదొక్కటే నీ వల్ల కాదు" అన్నాడు నీటికాకి.

పడవను మళ్ళీ ఒడ్డుకు లాగారు. గుర్రాలు తక్కువైనా డీజిలు ఇంజన్లు తిప్పే బలం ఎక్కువ. దానికి పాత ఇరుసులు ఆగవు కాబట్టి లావువి వేశారు. పొగ గొట్టాలు మార్చారు. నీళ్ళ కింద తిరిగే ప్రొపెల్లర్లను రేవులో పంకాలంటారు. వాటిని పెద్దవి చేయించారు. ఆ రెండు పంకాలూ ఒకటి కాదు. ఒకటి కుడికి తిరుగుతూ ముందుకు తోస్తుంది, రెండోది ఎడమకు తిరుగుతూ తోస్తుంది. ఒకదాని చోట ఒకటి బిగిస్తే ముందుకు తోయాల్సినవి వెనక్కి తోస్తాయి.

టైరును గుద్దిన పడవలో, మూత అంచున కూర్చున్న గ్రీజుకు ఇది అప్పుడే తట్టింది.

"అన్నయ్యా, ఎడమ పంకా ఎటు బిగించావ్?"

"ఎడమకి. నువ్వే కదా దాని మీద సుద్దముక్కతో ఎడమ అని రాశావ్."

"ఎటు తిరిగి నిలబడి ఎడమ?"

"ఎటు తిరిగేంటి? పడవ వెనకాల నిలబడి, ముక్కు వైపు చూస్తూ. మనుషులు నిలబడినట్టే."

గ్రీజు నుదుటి మీద చెయ్యి వేసుకుంది. నుదుటికి నూనె అంటింది.

గేర్లు ఇంజన్లకు వెనక కొసన ఉంటాయి. వాటితో పని ఉన్న మెకానిక్కు పడవ ముక్కుకు వీపు పెట్టి, వెనక్కి తిరిగి కూర్చుంటుంది. గ్రీజు పని నేర్చిన నాటి నుంచీ అలాగే కూర్చుంది. తన ఎడమ చేతి పక్క ఉన్నదే ఆమెకు ఎడమ ఇంజను. పంకాలు వచ్చిన రోజు ఆమె వదినకు ఫోన్ చేసి అడిగింది కూడా. కెప్టెన్ కూరగాయలు బేరమాడుతోంది. "ఎడమది ఎడమకే, కుడిది కుడికే. ఇదీ అడగాలా?" అని పెట్టేసింది. ముగ్గురూ ఒకే మాట అన్నారు. ఇద్దరు ముక్కు వైపు తిరిగి, ఒకరు వెనక్కి తిరిగి.

"ఇందుకేనా చిన్నప్పుడు చెప్పులు తిరగేసి తొడుక్కునేదానివి?" అన్నాడు నీటికాకి.

గోడ మీదివాళ్ళు నవ్వారు. మేనేజరు కూడా నవ్వి, "మన క్లబ్బు పడవ ముందుకే వెళ్తుందమ్మా" అన్నాడు.

"అవును సార్. వాసన చూసుకుంటూ వెళ్తుంది" అంది కెప్టెన్.

గ్రీజు అప్పటికే గదిలోకి దిగింది. "పది నిమిషాలివ్వు వదినా. గేరు కేబులు పై బొడిపె నుంచి తీసి కింది బొడిపెకు తగిలిస్తా. వెనక ముందవుతుంది. ఈ గేర్లు ఎటైనా ఒకే బలంతో లాగుతాయి."

పది నిమిషాలకు పడవ ముందుకు వెళ్ళింది. గోడ మీద చప్పట్లు కొట్టారు. కెప్టెన్ పడవను రేవు మధ్యకు తీసుకెళ్ళి, ఒక లివరు ముందుకు, ఒకటి వెనక్కి వేసింది. గాలానికి చేప పడ్డాక పడవ ఉన్నచోటే గిర్రున తిరగాలి. లేకపోతే చేప పడవ కిందికి దూరుతుంది, తాడు పంకాకు చుట్టుకుంటుంది. పడవ తిరిగింది, కానీ బతిమాలించుకుని తిరిగింది. పంకాలు రెండూ బయటి వైపుకు తిరగాలి. చోటు మారినందువల్ల లోపలికి తిరుగుతున్నాయి. లివర్లు పదమంటుంటే పంకాలు వద్దంటున్నాయి.

సర్వేయరు పెన్ను తీశాడు. "ముందుకెళ్ళింది, వెనక్కొచ్చింది, ఆగింది. బయటికెళ్ళి వేగం చూపిస్తే నాకు చాలు."

"నాకు చాలదు సార్" అంది కెప్టెన్.

"వదినా, సంతకం పడనీ! పంకాలు రేపు మార్చుకుందాం."

"పంకాలు మారిస్తే మళ్ళీ నాకు చూపించాలమ్మా. అది రూలు" అన్నాడు సర్వేయరు. "అంటే సీజను తర్వాతే."

కెప్టెన్ మేడ దిగి వచ్చింది. పడవను గోడ దగ్గరకు చేర్చి కట్టించింది. భర్త వైపు తిరిగి, "ఏవండీ, నీళ్ళలో మార్చగలరా?" అంది.

"బిగించిన పాపం నాదే కదా" అని ఆయన సిలిండరు వీపుకు తగిలించుకున్నాడు.

"పదకొండు దాకా చూస్తాను. ఆ తర్వాత ఈ టీ మరకతోనే వెళ్ళిపోతాను" అన్నాడు సర్వేయరు.

నీటికాకి మునిగాడు. మొదటి పంకా ఊడి వచ్చింది. ఆడవాళ్ళిద్దరూ తాడుతో పైకి లాగారు. ఎవరెటు తిరిగి ఉన్నారో చూసుకుని, గ్రీజు ఈసారి సుద్దతో 'గోడ వైపు' అని రాసింది. రెండోది ఇరుసును పట్టుకుని రాలేదు. ఆయన పైకి తేలి, "పంకా ఊడలాగే పనిముట్టు ఇవ్వండి" అని తీసుకుని మళ్ళీ మునిగాడు. బుడగలు వచ్చాయి. తాడు కదల్లేదు. మేనేజరు గడియారం చూసుకున్నాడు. కెప్టెన్ తాడును పిడికిలికి ఇంకో చుట్టు చుట్టుకుంది. టక్‌మని ఒక చప్పుడు పడవ అడుగులోంచి ఆమె అరికాళ్ళకు వచ్చింది. ఆ వెంటనే తాడు బరువెక్కింది.

"వచ్చేసింది! లాగు, లాగు!" అని వదినా మరదళ్ళు ఒకేసారి అరిచారు. గోడ మీంచి ఇద్దరు దూకి తాడు పట్టారు.

రెండు పంకాలూ చోటు మారాయి. కేబుళ్ళు మళ్ళీ పై బొడిపెలకు ఎక్కాయి. పదకొండుకు కొద్దిగా ముందు కెప్టెన్ లివర్లను ముందుకు తోసి, గోడ వంక చూసింది. గోడ దూరమైంది.

రేవు మధ్యలో ఒక లివరు ముందుకు, ఒకటి వెనక్కి వేసింది. బామ్మ బొంగరంలా తిరిగింది. సర్వేయరు కుర్చీ పట్టుకున్నాడు. ఆమె రెండో వైపుకు తిప్పింది. అటూ తిరిగింది.

"చాలమ్మా, కళ్ళు తిరుగుతున్నాయి!"

అలలకు అడ్డంగా కట్టిన రాతిగట్టు దాటాక ఆమె ఇంజన్లకు పూర్తి వేగం ఇచ్చింది. ముక్కు లేచింది, వెనక భాగం లేచింది, పడవ నీటిని కోయడం మాని నీటి మీద పరిగెత్తింది. పొగ నల్లగా రాలేదు. ఇంజన్ వేడి చూపే ముల్లు ఉన్నచోటే ఉంది. వేగం పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు అయింది. గాలికి కెప్టెన్ కళ్ళలోంచి నీళ్ళు చెవుల వైపు పోతున్నాయి.

"ఎంతా?" అని కింది నుంచి గ్రీజు అరిచింది.

కెప్టెన్ చక్రం మీదికి ఇంకాస్త వంగింది.

"ఎంతో చెప్పవే వదినా!"

"ఇరవై అయిదు పాయింట్ ఆరు!" అని అరిచాడు సర్వేయరు. ఆయన ఎప్పుడు మేడ ఎక్కాడో ఎవరూ చూడలేదు. "ఇంకోసారి గిర్రున తిప్పుతారా?"

పదకొండూ నలభైకి రేవు రేడియోలో కెప్టెన్ గొంతు వినిపించింది. "మా మరదలిదే రైటు."

రేవు రేడియో గదిలోంచి జవాబు వచ్చింది. "ఎటు తిరిగి నిలబడి?"

పడవ నుంచి నవ్వులు వినిపించాయి. పన్నెండు కొట్టేలోపు సర్వేయరు సంతకం పెట్టాడు. మేనేజరు అప్పటికే ఇంకొకరిని చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.