ఓస్మో బీపీ, సరస్సు నీళ్ళు

పొద్దున్నే స్టవ్ మీద కాఫీ పడేసి, కిటికీలోంచి సరస్సు ఇంటి మెట్లమీద ఎంతదాకా వచ్చిందో చూడ్డం హెల్వికి అలవాటు. చూసి, ఇంట్లోకి తిరిగి ఒక్క కేక పెట్టేది.

"ఏమయ్యా ఓస్మో! ఇంకో మెట్టు మునిగింది. నిన్న ఏం తిన్నావో నిజం చెప్పు!"

"ఉప్పులేని గంజి తాగా! నువ్వు పెట్టింది అదేగా!" అని పడగ్గదిలోంచి ఆమె మొగుడు ఓస్మో అరిచేవాడు.

మా ఊరి సరస్సు గుణమే అంత. ఒడ్డునున్న ఆ ఇంట్లో ఎవరికైనా బీపీ పెరిగితే నీళ్ళు పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి. వానలతో పన్లేదు. ఫిన్లండ్‌లో సరస్సులకేం కొదవ, ఒక్కోదానిది ఒక్కో తీరు అని మేమూ ఊరుకున్నాం. ఓస్మో వాళ్ళ నాన్న రోజుల్లోనూ నీళ్ళు ఇలాగే ఒక్కో మెట్టే ఎక్కుతూ వచ్చాయి. "నాకేం నొప్పా, నలతా?" అని ఆయన ఆస్పత్రి మొహం చూడలేదు. నీళ్ళు గడప తాకిన రోజున కట్టెలు కొడుతూ కొడుతూ పక్కకి ఒరిగిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. మళ్ళీ లేవలేదు పాపం.

పోయిన చలికాలంలో, మంచు కట్టిన సరస్సు ఆ గడ్డతో సహా పైకి లేవడం మొదలెట్టింది. బీపీ ఎవరిదో అడగాలా? ఓస్మో దున్నపోతంత మనిషి, ఎర్రటి మొహం. నోరు తెరిస్తే అవతలి ఒడ్డున కుక్కలు మొరుగుతాయి. హెల్వి చీపురుపుల్లంత ఉంటుంది. మొగుడి మీద ఆ పొద్దుటి కేక తప్పిస్తే, చర్చిలో పాడేటప్పుడు కూడా ఆమె గొంతు పక్కనున్నవాళ్ళకి తప్ప వినపడదు. మా ఊరు పెద్ద తెలివైంది కదా, ఆలోచించకుండా తీర్పు చెప్పేసింది.

ఇక చూసుకోండి ఓస్మో అవస్థ. ఉప్పులో ఊరేసిన చేపలు బంద్. ఉప్పు వెన్న బంద్. కొట్టుకెళ్తే కొట్టువాడు సాసేజీల పొట్లం వెనక్కి లాక్కుని, "సరస్సు ఒప్పుకోదు ఓస్మో" అనేవాడు. శనివారం సౌనాలో ఆవిరి పట్టి బయటికొచ్చాక వేడి సాసేజీ లేదంటే మావాళ్ళకి పెళ్ళికెళ్ళి భోజనం లేకుండా తిరిగొచ్చినట్టే. ఓస్మో తువ్వాలు చుట్టుకుని మెట్లమీద కూర్చుని, చప్పటి బంగాళాదుంప కొరుకుతూ సరస్సుని నోటికొచ్చినట్టు తిట్టేవాడు.

హెల్వి అతని కోసం తనూ చప్పిడి తిండే తినేది. నోరు చచ్చిపోయినట్టుంటే, అతని మీద బెంగ ముంచుకొస్తే, ఏప్రన్ జేబులోంచి ఒక సల్మియక్కి బిళ్ళ తీసి బుగ్గన పెట్టుకునేది. నల్లగా, అతిమధురం పాకంతో, నాలుక చురుక్కుమనేలా ఉండే ఆ బిళ్ళల్ని మా దేశంలో చప్పరించనివాళ్ళు తక్కువ. అది మిఠాయి, అందులో ఏముందిలే అనుకుంటాం.

మంచు కరిగి వసంతం వచ్చేసరికి గడపకి ఒక్క మెట్టే మిగిలింది. ఆ పొద్దున హెల్వి కేక పెట్టలేదు. కాఫీ పొంగి స్టవ్ ఆరిపోతున్నా చూసుకోకుండా నిలబడి ఏడ్చింది. ఆమె ఏడుపు విని ఓస్మో పడగ్గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఊరుకోవే. ఆ నర్సమ్మని పిలుద్దాం. మందులిస్తే మింగుతా, ఒట్టు."

ఆరోగ్య కేంద్రం నుంచి తూలిక్కి వచ్చింది. మనిషి చిన్నదే గానీ మాట కరుకు. ఓస్మో చెయ్యి బల్లమీద పెట్టించి పట్టీ చుట్టింది.

"బాబాయ్, ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చో. మాట్లాడితే లెక్క తప్పుతుంది."

"ఐదు నిమిషాలే!"

"అదిగో, మళ్ళీ మొదట్నుంచి."

ఎలాగో కూర్చున్నాడు. తూలిక్కి చూసింది, ఇంకోసారి చూసింది. "నూట ఇరవై ఆరు, డెబ్బై ఎనిమిది. నీకేం లేదు బాబాయ్, నిక్షేపంలా ఉన్నావు."

ఓస్మో కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "విన్నావా హెల్వీ! నెలల తరబడి నోరు కట్టేశావు కదే! ఏవీ నా చేపలు?"

తూలిక్కి నవ్వలేదు. కిటికీలోంచి నీళ్ళకేసి చూసి, హెల్వి వైపు తిరిగింది. "పిన్నీ, నువ్వు కూర్చో."

"నాకెందుకమ్మా? నాకు తలనొప్పన్నా రాదు."

"మీ మామగారూ అదే అన్నారు. కోపిష్టి మగాళ్ళకే వస్తుందని ఎవరు చెప్పారు పిన్నీ? ఇది లోపల్లోపల గుండెనీ మెదడునీ తినేస్తుంది, బయటికి చెప్పదు."

నూట తొంభై నాలుగు, నూట పన్నెండు. రెండోసారీ అంతే. ఓస్మో మొహంలో ఎరుపంతా దిగిపోయింది. హెల్వి చెయ్యి దానంతటదే జేబులోకెళ్ళి ఒక బిళ్ళ తీసింది.

తూలిక్కి ఆ చెయ్యి పట్టేసుకుంది. "రోజుకెన్ని తింటావు?"

"ఒక డబ్బా... ఒక్కోరోజు రెండు. ఉప్పు మానేశాం కదా అని."

"అయ్యో పిన్నీ! అతిమధురం అంత తింటే ఒంట్లో ఉప్పునీ నీళ్ళనీ బయటికి పోనివ్వదు. ఉప్పు మానేసి దీన్ని పట్టుకున్నావా? లే, ఇప్పుడే ఆస్పత్రికి పోవాలి."

ఓస్మో ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే కారెక్కాడు. దారిపొడుగునా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నేను సాసేజీ కోసం ఏడుస్తుంటే నువ్వు చచ్చిపోతున్నావే హెల్వీ!"

"ఇంకా చావలేదుగా, రోడ్డు చూసి నడుపు."

ఆస్పత్రిలో రక్తం పరీక్షించి, మందులిచ్చి, బిళ్ళలు మాన్పించి పంపారు. నీళ్ళు ఒక్కో మెట్టే దిగాయి. సగం దిగాక హెల్వి "ఇంక మాత్రలెందుకు?" అనబోతే, ఓస్మో అరిచిన అరుపుకి అవతలి కుక్కలన్నీ లేచాయి. దాంతో ఆమె గుటుక్కున మాత్ర మింగింది.

జూన్‌లో ఒక పొద్దున కాఫీ తాగి ఇద్దరూ మెట్లమీదికొచ్చారు. ఒడ్డు దాటి బాగా ముందుకి, తెల్లటి ఇసుక తేలి ఉంది. హెల్వి చెప్పులు విప్పి అటు నడిచింది.

"ఏయ్, అక్కడ లోతు! జాగ్రత్త!" అని ఓస్మో పరిగెత్తాడు.

"లోతెక్కడుందయ్యా?" అంటూ ఆమె ఇసుకలో చతికిలబడి నవ్వింది. ఓస్మో వెళ్ళి పక్కన కూర్చుని, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మొన్న వసంతంలో ఆ చోట నీళ్ళు ఆమె తల మించి ఉండేవి.