అరంగుళం

వీధిలో ఎవరిని అడిగినా దర్జీ చాలా మంచి మొగుడని చెబుతారు. పొద్దున వంట అతనిదే. పిల్లను బడికి దింపేదీ, తీసుకొచ్చేదీ అతనే. "ఇంటి పనికి ఆడేంటి, మగేంటి" అన్న మాట తన కుట్టు కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళ చెవినా, అడిగినా అడక్కపోయినా, వేసేవాడు. విన్నవాళ్ళు అతణ్ణి మెచ్చుకుని, మిషను దగ్గర కూర్చున్న భార్య వైపు తిరిగి "అదృష్టవంతురాలివమ్మా" అనేవారు. ఆమె తల వంచుకుని బొత్తాలు కుట్టుకునేది. పన్నెండేళ్ళు ఇలా హాయిగా గడిచాయి, ముఖ్యంగా అతనికి.

కిందటేడు అతని కుడిచేతి బొటనవేలు విరిగింది. అంతవరకూ కొలతలు తీసి, బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీసి కత్తిరించేది అతనే. దర్జీ కొట్లో ఆ పని చేసే మనిషినే మాస్టారంటారు. మిషను తొక్కేవాళ్ళు ఎంత బాగా కుట్టినా మాస్టార్లు కారు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అతనే కత్తెరను భార్యకు అందించి, "నేను చెబుతుంటాను, నువ్వు కత్తిరించు" అన్నాడు. రెండు రోజులు చెప్పాడు. మూడో రోజు నుంచి చెప్పడానికి అతనికేమీ దొరకలేదు.

వేలు అతుక్కుంది గానీ కత్తెర మళ్ళీ అతని చేతికి రాలేదు. ఆమె ఇవ్వనని ఏమీ అనలేదు. వచ్చినవాళ్ళే నేరుగా వెళ్ళి ఆమె ముందు చేతులు చాపి నిలబడేవారు. అతను మిషను మీదికి మారాడు. ఒకరోజు గుమ్మంలోంచి ఎవరో "మాస్టారూ" అని పిలిస్తే అలవాటు కొద్దీ తనే లేచి ముందుకొచ్చాడు. "మీరు కాదండీ, మాస్టారు కావాలి" అన్నాడు ఆ వచ్చినాయన. అతను నవ్వి వెనక్కెళ్ళి కూర్చున్నాడు. ఆ పూట మిషను సూది రెండుసార్లు విరిగింది.

పక్క కొట్టు ఇస్త్రీ అతనికి ఇంతకంటే ఏం కావాలి? "ఇకనుంచి నిన్నేమని పిలవాలన్నా? మాస్టారుగారి మొగుడనా?" అన్నాడు. దర్జీ దానికీ నవ్వాడు. నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టాయి.

అసూయ అంటే అతను ఒప్పుకోడు. భార్య తనతో సమానం అనుకోవడం అతనికి ఎంతో ఇష్టం. ఆ సమానం తను ఇచ్చింది కాబట్టి, ఇచ్చినవాడి మర్యాద ఎప్పటికప్పుడు దక్కుతూనే ఉండేది. ఇప్పుడామె ఇంకో మెట్టు ఎక్కింది. అది అతను ఇచ్చింది కాదు. కడుపు మండింది అక్కడే.

అలాంటి రోజుల్లో లాయరుగారు వచ్చారు. వకీళ్ళ సంఘం ఆయనకు సన్మానం చేస్తోందట. బూడిదరంగు కోటు కావాలి.

"ఇది కుదిరిందంటే మావాళ్ళు పదిమంది నీ దగ్గరికే వస్తారమ్మా," అన్నారు ఆమెతో. "ఆడమనిషి కోటు కత్తిరించడమేంటని ఎగతాళి చేస్తున్నారు. వాళ్ళ నోళ్ళు మూయించాలి నువ్వు."

ఆమె ఆయన చుట్టూ రెండుసార్లు తిరిగింది. భుజాల మీద అరచేతులు ఆనించి చూసింది. టేపు పెట్టి కొలిచింది, మళ్ళీ కొలిచింది. తను కోటు కత్తిరించిన ఇరవై ఏళ్ళలో ఎవరూ తనను ఎవరి నోళ్ళూ మూయించమనలేదని దర్జీకి గుర్తొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం గీతలు గీసి పెట్టి ఆమె లైనింగు గుడ్డ కొనడానికి వెళ్ళింది. అతను బల్ల దగ్గరికి వచ్చాడు. ఊరికే చూద్దామనే వచ్చాడు. ఎడమ భుజం గీత కుడి భుజం కంటే అరంగుళం కిందికి ఉంది.

"దొరికింది" అనుకున్నాడు. అలా అనుకున్నందుకు కాస్త సిగ్గేసింది గానీ, ఆ సంతోషం ముందు సిగ్గు నిలవలేదు. ఏడాదిగా ఆమె గీత ఒక్కటి కూడా తప్పలేదని అతనికి తెలుసు. వచ్చేదాకా ఆగి, ఇదేంటని అడిగితే సరిపోయేది. ఆగలేదు. ఎడమ గీత చెరిపేసి, రెండు భుజాలూ సమానంగా గీసి, కత్తిరించేశాడు. కత్తెర గుడ్డలో నడుస్తుంటే చాలా రోజుల తర్వాత ప్రాణం లేచొచ్చినట్టయింది.

"నీకు పని తగ్గుతుందని నేనే కత్తిరించేశా," అన్నాడు ఆమె రాగానే.

"నా గీతల మీదేగా, బావా?"

"మరింకెక్కడ?"

ఆమె సంతోషపడి అతనికి టీ పెట్టి తెచ్చింది. అతను తాగాడు. కుట్టేది అతనే కాబట్టి ముక్కలు ఆమె కంట పడలేదు.

ట్రయల్ రోజున లాయరుగారు అద్దం ముందు నిలబడ్డారు. కుడివైపు కోటు చక్కగా కూర్చుంది. ఎడమవైపు మెడ కింద గుడ్డ ముద్దగా పోగుపడింది. ముప్పై ఏళ్ళు కాగితాల సంచీ మోసి మోసి ఆయన ఎడమ భుజం దిగిపోయింది. అది ఆమె అరచేతికి తెలిసింది, కోటుకు తెలియలేదు.

"ఏంటమ్మా ఇది," అన్నారాయన ముఖం ముడుచుకుని. "మావాళ్ళు చెబుతూనే ఉన్నారు, ఆడవాళ్ళ బట్టలు కుట్టడం వేరు, కోటు వేరని. నేనే వినలేదు."

నిజం చెప్పుకోవాలంటే, 'కోటు వేరు' అన్న మాట ఒక్క క్షణం దర్జీ చెవికి తియ్యగా తగిలింది.

ఆమె కోటు అంచు తిప్పి భుజం కుట్టును వేలితో తడిమింది. తలెత్తి మొగుడి వైపు చూసింది. ఆమెకు అర్థమైపోయింది. ఒక్కమాట అంటే లాయరుగారి ముందు అతని పరువు పోయేదే. అనకుండా, అతనేమైనా అంటాడేమోనని నిలబడింది. దర్జీ మిషను దగ్గర్నుంచి లేచాడు.

"తప్పు నాదండీ," అన్నాడు చివరికి. "ఆవిడ సరిగ్గానే గీసింది. నేనే చెరిపేసి మార్చాను."

లాయరుగారు అతణ్ణి ఎగాదిగా చూశారు. ముఖం విప్పారింది.

"మొగుడంటే నువ్వయ్యా. పెళ్ళాం తప్పు నెత్తిన వేసుకున్నావు."

"కాదండీ, నిజంగానే..."

"ముప్పై ఏళ్ళు కోర్టులో అబద్ధాలు విన్నవాణ్ణి. నాకు తెలియదూ?" అని భుజం తట్టి, ఆమె వైపు తిరిగారు. "ఎల్లుండికి సరిచేసి ఇవ్వమ్మా. ఈసారి మీ ఆయన్ని ఒకమాట అడిగి కత్తిరించు."

ఆయన వెళ్ళాక ఆమె కూర్చుని ఎడమ భుజం కుట్లు విప్పడం మొదలుపెట్టింది. గుడ్డ ఎక్కువే మిగిలింది కాబట్టి కోటు బాగుపడుతుంది.

"నా గీత చూశావుగా?" అంది.

"చూశాను."

"తప్పనుకునే మార్చావా?"

అవునంటే అక్కడితో పోయేది. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. అతను అవుననలేదు.

"అనుకోలేదు. తప్పయితే బావుండుననుకున్నా."

ఆమె ఇంకో కుట్టు విప్పింది. ఆమె తిడితే బావుండుననిపించింది అతనికి. ఇంతలో ఇస్త్రీ అతను గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడు.

"లాయరుగారు మా కొట్టు ముందే అందరికీ చెప్పి వెళ్ళారన్నా. వదినా, ఏ నోము నోచావో గానీ ఇలాంటి మొగుడు దొరికాడు."

"ఇతనికి కూడా చెప్పు బావా," అంది ఆమె తలెత్తకుండా.

అతను చెప్పాడు. "తప్పు నాదేరా. అందరూ దాన్ని మాస్టారంటుంటే కుళ్ళుకుని, కావాలనే చేశాను."

ఇస్త్రీ అతను పగలబడి నవ్వాడు. "ఊరుకో అన్నా. నీ మనసు మాకు తెలియనిదా?" అంటూ వెళ్ళిపోయాడు.

ఆమె ఊడిన దారప్పోగు ఒకటి పీకి పక్కన పెట్టింది.

"ఇంకొకరికి చెప్పు," అంది. "నమ్మేవాళ్ళు ఒక్కరు దొరికేదాకా చెబుతూనే ఉండు."

అతను లేచి చెప్పులు వేసుకుని బయటికి వచ్చాడు. వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. అందరూ అతణ్ణి మెచ్చుకునేవాళ్ళే.